పొట్ట తెరవక ముందు

రేడియాలజీలో కొత్తగా చేరినవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు ముందు మెషీన్ల గురించి అడుగుతారు. అప్పట్లో స్కానుకి ఎంతసేపు పట్టేది, ఫిల్ములు ఎలా కడిగేవారు, నరంలోకి ఎక్కించే రంగు మందు పడక ఎవరికైనా ప్రమాదం జరిగిందా అని. వాటికి జవాబులు చెబుతాను గాని, ఈ ఉద్యోగం గురించి తెలుసుకోవలసింది అది కాదు. మనం ఎవరికీ మందు ఇవ్వం, కత్తి పట్టం. ఇంకొకరు తీసుకోబోయే నిర్ణయానికి ముందు ఒక మాట చెబుతాం. ఆ మాట ఎంత గట్టిగా చెప్పాలో, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడమే ఉద్యోగం. అది తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నేను తొంభైలలో బందరులో ఒక నర్సింగ్ హోమ్‌లో అల్ట్రాసౌండ్, ఎక్స్‌రేలతో మొదలుపెట్టాను. ఆ దశాబ్దం చివర్లో గుడివాడలో ఒక స్కానింగ్ సెంటర్‌కి సీటీ మెషీన్ వచ్చింది. పెద్ద ఊళ్లో ఎవరో వాడి తీసేసిన మెషీన్. దాని కోసమే గుడివాడ మారాను, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. కాన్పులకు ముందు స్కాన్లు, కిడ్నీలో రాళ్లు, మోటార్ సైకిల్ మీంచి పడ్డవాళ్ల తలలు, అన్నీ చూశాను. ఇక్కడ జీర్ణాశయం క్యాన్సర్ గురించి మాత్రమే రాస్తున్నాను. స్కాను ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో నాకు నేర్పింది ఆ రోగులే. వాళ్లలో ముగ్గురి సంగతి చెబుతాను. ముగ్గురి వెనకా ఒకే సర్జన్ ఉన్నారు.

సర్జన్ గారు

ఆయన పేరు పాండురంగారావు గారు. గుడివాడలో ఆయనకు సొంత ఆసుపత్రి ఉండేది. నందివాడ, బంటుమిల్లి, పెడన వైపు నుంచి, అవతల దివిసీమ నుంచి కూడా ఆయన దగ్గరికి వచ్చేవారు. చెయ్యి చాలా శుభ్రం. ఆయన వేసిన కుట్టు చీము పట్టడం అరుదు. కోపం ఎక్కువ, అది ఎక్కువసేపు ఉండేది కాదు. నాకంటే బాగా పెద్దవారు, సీటీ లేని రోజుల్లో పని నేర్చుకున్నవారు.

ఆ రోజుల్లో ఉన్నది బేరియం పరీక్ష. రోగి చేత వెల్లసున్నంలాంటి తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీసేవాళ్లం. జీర్ణాశయం గోడ ఎక్కడ బిరుసెక్కిందో, లోపల గడ్డ ఎక్కడ పొడుచుకొచ్చిందో ఆ నీడలో తెలిసేది. గోడ దాటి జబ్బు ఎంత దూరం పాకిందో తెలిసేది కాదు. అందుకని సర్జన్లు పొట్ట తెరిచేవారు. తీయగలిగితే తీసేవారు, లేకపోతే మూసేసేవారు.

"పొట్ట తెరిస్తే గాని నిజం తెలియదండీ వసుంధర గారూ," అనేవారు ఆయన. "మీ ఫిల్ములు పెళ్లిచూపులకి పంపే ఫొటోల్లాంటివి. మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నాకే అసలు సంగతి."

ఆ మాటకి నాకు మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత తర్వాత అందులో కొంత నిజముందని ఒప్పుకున్నాను.

మన దగ్గరికి వచ్చేసరికి రోగికి క్యాన్సర్ అని తేలిపోయి ఉంటుంది. ఎండోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షకి పంపి ఉంటారు. మనల్ని అడిగే ప్రశ్న వేరు. ఇది లివర్‌కి పాకిందా, పక్కనున్న గ్రంథులు ఉబ్బాయా, వెనకున్న క్లోమాన్ని అంటుకుందా, పొట్ట లోపలి పొర మీద చల్లినట్టు పడిందా. ఇవన్నీ కలిపితే ఒకటే ప్రశ్న: ఆపరేషన్ చేస్తే ఈ మనిషికి మేలు జరుగుతుందా?

జీర్ణాశయం తీసేయడం చిన్న ఆపరేషన్ కాదు. తర్వాత మనిషి కొంచెం కొంచెంగా తినడం మళ్లీ నేర్చుకోవాలి. నెలల తరబడి నీరసం. జబ్బు పూర్తిగా తీయగలిగితే ఆ నెలలు ఖర్చుపెట్టడంలో అర్థముంది. జబ్బు అప్పటికే చెయ్యి దాటిపోయి ఉంటే, అతని దగ్గర మిగిలినవి ఆ నెలలే. వాటిని ఆసుపత్రి మంచం మీద గడపాలా అన్నది మన రిపోర్టు మీద ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

నాంచారయ్య

సీటీ వచ్చిన కొత్తల్లో పెడన నుంచి నాంచారయ్య అనే ఆయన వచ్చాడు. కలంకారీ అచ్చుల పని. బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చుని రంగులో అద్ది గుడ్డ మీద వేసి చేత్తో గుద్దుతారు. అలా గుద్దీ గుద్దీ అతని అరచేతి అంచు కాయకాచి ఉంది. గోళ్ల చుట్టూ రంగు. సూది వేయడానికి నరం వెతుకుతుంటే, "ఆ చెయ్యి వద్దండీ, రేపు పనికెళ్లాలి," అన్నాడు. క్యాన్సర్ అని అతనికి తెలుసు. అయినా రేపు పనికి వెళ్లాలి.

కడుపు నిండా నీళ్లు తాగించి స్కాను తీశాం. జీర్ణాశయం కింది భాగంలో గోడ మందంగా ఉంది. లివర్ బాగుంది. గ్రంథులు పెద్దవి కాలేదు. పొట్టలో నీరు లేదు. "జబ్బు ఇతర భాగాలకు వ్యాపించిన గుర్తులు ఈ స్కానులో కనిపించడం లేదు" అని రాశాను.

పాండురంగారావు గారు దాన్ని చదివి బయట కూర్చున్న నాంచారయ్య భార్యతో, బావమరిదితో "స్కాన్ క్లీన్‌గా ఉంది. తీసేద్దాం," అన్నారు. వాళ్లు ఎంతో ధైర్యం తెచ్చుకున్నారు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆయన ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ వచ్చింది. థియేటర్‌కి రమ్మన్నారని నర్సు చెప్పింది. అంతకు ముందెప్పుడూ ఆయన నన్ను పిలవలేదు. గౌను తొడుక్కుని, మాస్కు కట్టుకుని లోపలికి వెళ్లాను.

"ఇలా రండి. చూడండి," అన్నారు.

పొట్ట తెరిచి ఉంది. లోపలి పొర మీద, పేగుల్ని కప్పిన కొవ్వు మడత మీద, తెల్లటి గింజలు. బొంబాయి రవ్వ చల్లినట్టు ఉంది. ఒక్కొక్కటీ అంత చిన్నది. అన్నీ కలిసి పొట్టంతా.

"ఇవి మీ ఫిల్ములో ఉన్నాయా?"

"లేవండీ."

"నేను మళ్లీ చూశాను. నాకూ కనపడలేదు." ఆయన గొంతులో కోపం లేదు. "మూసేస్తున్నాను."

మధ్యాహ్నం ఇద్దరం కలిసి ఆ ఫిల్ములన్నీ లైట్ బాక్స్ మీద పెట్టి మళ్లీ చూశాం. ఎంత వెతికినా ఏమీ లేదు. అంత చిన్న గింజల్ని ఆ మెషీన్ పట్టుకోలేదు, ఇప్పటి మెషీన్లు కూడా చాలాసార్లు పట్టుకోలేవు. రాసిన వాక్యంలో తప్పు లేదు. కానీ "కనిపించడం లేదు" అన్న మాట నా గది నుంచి ఆయన గదికి వెళ్లేసరికి "క్లీన్" అయింది. అక్కణ్ణుంచి వరండాలోకి వెళ్లేసరికి "నయమైపోతుంది" అయింది. మాట చేతులు మారిన కొద్దీ ధైర్యం పెరిగింది.

రెండు రోజుల తర్వాత నాంచారయ్య భార్య సెంటర్‌కి వచ్చింది. గొడవ పడటానికి రాలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"క్లీన్‌గా ఉందన్నారు కదండీ. మరి కోసి మళ్లీ కుట్టేశారంట. ఎందుకు కోశారో మాకర్థం కాలేదు. ఎవర్నడిగినా సరిగ్గా చెప్పట్లేదు."

స్కానుకి అందని చిన్న గింజలు లోపల ఉన్నాయని, అవి ఉంటే జీర్ణాశయం తీసినా ఉపయోగం ఉండదని, అందుకే మూసేశారని చెప్పాను. ఆవిడ విన్నది.

"ఈ మాట ముందు చెప్పుంటే మేం ఆలోచించుకునేవాళ్లం కదండీ. ఇట్టా కూడా ఉండొచ్చు అని," అంది. నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

నాంచారయ్య మళ్లీ పనికి వెళ్లలేదు. కోత మానడానికే చాలా రోజులు పట్టింది. ఆ తర్వాత పొట్టలో నీరు చేరింది.

పాండురంగారావు గారు, నేను ఆ తర్వాత ఒక అలవాటు పెట్టుకున్నాం. నేను స్కాను చూసి పంపిన ప్రతి జీర్ణాశయం కేసులో, పొట్ట తెరిచాక ఏం కనిపించిందో ఆయన నాకు చెప్పాలి. వీలైతే నేను వెళ్లి చూడాలి. ఆయన ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పేవారు. "క్లోమం విడిగానే ఉంది. మీరు అంటుకుందన్నారు." లేదా "గ్రంథులు మీరు చెప్పినచోటే ఉన్నాయి." అంతే. వాటిలోంచి నేను నేర్చుకున్నంత పుస్తకాల్లోంచి నేర్చుకోలేదు. చీకటి గదిలో రిపోర్టులు రాసి, తర్వాత ఏమైందో తెలుసుకోకుండా ఇల్లు చేరే రేడియాలజిస్టులు నాకు చాలామంది తెలుసు. తెలివైనవాళ్లే. పాతికేళ్ల తర్వాత కూడా మొదటి ఏడాది ఎక్కడున్నారో అక్కడే ఉంటారు.

నాగరత్నం

నాగాయలంక దగ్గర ఒక ఊరి నుంచి వచ్చిన నాగరత్నం చేపలు ఎండబెట్టి అవనిగడ్డ సంతలో అమ్మేది. యాభై దాటిన మనిషి. తమ్ముడు వెంట వచ్చాడు. అప్పటికే వేరే ఊళ్లో ఒక ఆసుపత్రిలో స్కాను తీసి, క్యాన్సర్ క్లోమానికి అంటుకుందని, గ్రంథులు పెద్దవయ్యాయని, ఆపరేషన్ పనికిరాదు ఇంటికి తీసుకెళ్లమని చెప్పారు. తమ్ముడికి మనసొప్పక పాండురంగారావు గారి దగ్గరికి తెచ్చాడు. ఆయన స్కాను మళ్లీ తీయమని నాకు పంపారు.

బల్ల మీద పడుకోబెడితే ఆమె బరువు బల్లకు తెలియనట్టుంది. అంత చిక్కిపోయింది.

"ఏమవుతోందమ్మా?" అని అడిగాను.

"తిన్నది తిన్నట్టు పైకొచ్చేస్తందమ్మా. పొద్దున తిన్నది సాయంత్రానికి. గంజి కూడా దిగట్లేదు. వీళ్లేమో ఏదేదో జబ్బు పేరు చెప్తన్నారు. నాకు జబ్బు సంగతి వద్దు. తిన్నది కిందకి దిగితే చాలు."

గొట్టం వేసి కడుపులో నిలిచిపోయిందంతా తీశాక స్కాను చేశాం. గడ్డ జీర్ణాశయం చివర, పేగులోకి దారి తీసేచోట ఉంది. దారి మూసుకుపోయింది. పక్క గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. గడ్డకీ క్లోమానికీ మధ్య మామూలుగా ఒక సన్నని నల్లటి గీత కనిపిస్తుంది. అది కొవ్వు. ఆ గీత ఉంటే రెండూ విడిగా ఉన్నట్టు. నాగరత్నం ఫిల్ములో గీత లేదు. మొదటి ఆసుపత్రి వాళ్లు అది చూసే అంటుకుందని రాశారు.

నాకు ఒక అనుమానం వచ్చింది. మిగతా పొట్టంతా చూశాను. ఎక్కడా గీతలు లేవు. కిడ్నీ చుట్టూ లేదు, పేగుల మధ్య లేదు. ఆమె ఒంట్లో కొవ్వే లేదు. ఎక్కడా లేనిది క్లోమం దగ్గర మాత్రం ఎలా ఉంటుంది? అంటుకున్నందుకు గీత పోయిందో, తిండి లేక పోయిందో ఆ ఫిల్ము చెప్పలేదు.

అదే రాశాను. అంటుకుందా లేదా అన్నది ఈ స్కానుతో తేల్చలేమని, కారణం ఫలానా అని.

పాండురంగారావు గారు రిపోర్టు పట్టుకుని మా సెంటర్‌కే వచ్చేశారు.

"ఏంటండీ ఇది? తెలియదని రాయడానికి మీరెందుకు? అది నేనూ రాయగలను."

"వాళ్లు తెలుసని రాశారు కదండీ, అది తప్పు. తెలియదన్నది ఒప్పు. దానివల్ల మీకు ఒక దారి తెరుచుకుంది."

"ఏ దారి?"

"పనికిరాదని ఇంటికి పంపక్కర్లేదు."

ఆయన ఫిల్ములు ఒక్కొక్కటే పైకెత్తి కిటికీ వెలుగులో చూశారు. అప్పుడు నేను ఇంకో సంగతి చూపించాను. వెన్నెముకకి రెండు పక్కలా ఉండే కండలు ప్రతి సీటీలోనూ కనిపిస్తాయి. ఎవరూ వాటి గురించి అడగరు, ఎవరూ రాయరు. నాగరత్నం కండలు తాళ్లలా సన్నగా ఉన్నాయి. అప్పటికి ఆయన ఆపరేషన్లను కొన్నేళ్లుగా గమనిస్తున్నాను. ఆ కండ సన్నగా ఉన్నవాళ్లే ఆపరేషన్ తర్వాత తేరుకోలేకపోతున్నారు. వాళ్లకే కుట్లు విడుతున్నాయి, వాళ్లకే ఊపిరితిత్తులకి నిమ్ము చేస్తోంది. నా దగ్గర లెక్కలేమీ లేవు. కంటికి అలవాటైన సంగతి. తర్వాతి కాలంలో పెద్ద పెద్ద చోట్ల దీన్ని కొలిచి మరీ చూస్తున్నారని విన్నాను.

"ఇప్పుడే కోస్తే తట్టుకోదండీ," అన్నాను. "గడ్డ వల్ల కాదు, కండ లేక."

ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అది ఆయనలో మంచి గుణం. ముక్కులోంచి ఒక సన్నని గొట్టాన్ని ఎండోస్కోపీ చేసే ఆయన చేత అడ్డు దాటించి పేగులోకి వేయించారు. కొన్ని వారాల పాటు ఆ గొట్టంలోంచి పాలు, గుడ్డు, జావ పంపించారు. తమ్ముడు, అతని భార్య దగ్గరుండి చేశారు. నాగరత్నానికి ఆ గొట్టం అంటే అసహ్యం. "ముక్కుతో అన్నం తినే రోజొచ్చింది నాకు," అనేది. కానీ పీకెయ్యలేదు.

ఆపరేషన్‌కి ముందు పాండురంగారావు గారు ఆమెతో మాట్లాడేటప్పుడు నన్నూ కూర్చోమన్నారు. ఇలా అన్నారు: "చూడమ్మా. లోపల గడ్డ విడిగా ఉంటే తీసేస్తాను. అంటుకుని ఉంటే తీయను, తిండి దిగడానికి పక్కదారి వేసి మూసేస్తాను. రెండిట్లో ఏదో నాకూ తెలియదు, ఈ డాక్టరమ్మకీ తెలియదు. లేచాక ఏం చేశానో నేనే చెబుతాను."

"రెండిట్లో ఏదైనా అన్నం దిగుద్దా?"

"దిగుతుంది."

"అయితే కానీయండి."

నాంచారయ్య భార్య అడిగినది ఇదే అని నాకు అప్పుడు అనిపించింది. మాకు తెలిసినదంతా, తెలియనిదంతా ముందే వాళ్ల ముందు పెట్టడం. ఆయనకూ అనిపించి ఉంటుంది.

పొట్ట తెరిచి చూస్తే గడ్డ విడిగా ఉంది. క్లోమం మీంచి వేలితో తేలిగ్గా లేచి వచ్చింది. తీసేశారు. ఉబ్బిన గ్రంథుల్లో చాలావాటిలో క్యాన్సర్ లేదని, కడుపులో తిండి మురిగిపోయి వాపు వచ్చిందని తర్వాత పరీక్షలో తేలింది. పెద్దగా ఉన్న ప్రతి గ్రంథీ చెడ్డది కాదు. ఇది కొత్తవాళ్లు మొదటి రోజు నుంచే గుర్తుపెట్టుకోవాలి.

నాగరత్నం చాలా ఏళ్లు బతికింది. పరీక్షలకి వచ్చినప్పుడల్లా ఎండు నెత్తళ్లు ఒక పొట్లం తెచ్చేది. ఏసీ గదిలో ఆ వాసన రోజంతా ఉండేది. మా టెక్నీషియన్ విసుక్కునేవాడు, ఇంటికి పట్టుకెళ్లేవాడు.

సాంబయ్య గారు

రెండువేల దశకం మధ్యలో ఒకరోజు పాండురంగారావు గారు ముందు చెప్పకుండా సెంటర్‌కి వచ్చారు. వెంట ఒక పెద్దాయన. పంచె, చేతిలో తువ్వాలు, ఎండకి నల్లబడ్డ మెడ.

"మా అన్నయ్య. సాంబయ్య," అన్నారు.

బంటుమిల్లి దగ్గర సాంబయ్య గారికి చేపల చెరువులు ఉన్నాయి. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి డాక్టరు చదివించింది ఆయనే అని అందరికీ తెలుసు. కొన్నాళ్లుగా ఆకలి లేదు, ఒళ్లు తగ్గింది. ఎండోస్కోపీలో జీర్ణాశయం మధ్యభాగంలో పుండు, ముక్క పరీక్షలో క్యాన్సర్. విజయవాడలో ఒక సర్జన్ ఆపరేషన్ చేయడానికి ఒప్పుకున్నారు. ముందు స్కాను కావాలన్నారు.

స్కాను జరుగుతున్నంతసేపు పాండురంగారావు గారు నా వెనకే నిలబడ్డారు. ఫిల్ములు కూడా రాకముందే, తెర మీదే చూస్తున్నారు. లివర్ బాగుంది. గ్రంథులు చిన్నవే. ఆయన ఊపిరి వదలడం నాకు వినిపించింది.

పొట్ట అడుగు భాగానికి వచ్చేసరికి నేను ఆపాను. మూత్రాశయం వెనక సన్నగా కొంచెం నీరు ఉంది. ఆడవాళ్లలో అంత నీరు మామూలుగానే ఉండొచ్చు. మగవాళ్లలో ఉండకూడదు. వెనక్కి వెళ్లి పేగుల ముందుండే కొవ్వు మడతని మళ్లీ చూశాను. శుభ్రంగా నల్లగా ఉండాల్సిన చోట పొగ కమ్మినట్టు ఉంది. అక్కడక్కడ సన్నని దారాలు. అంతే. చూడకపోతే కనపడనంత తక్కువ. నాకు నాంచారయ్య పొట్ట గుర్తొచ్చింది. అక్కడ స్కానులో ఇంత కూడా కనిపించలేదు.

"నీరుంది," అన్నాను.

"చాలా తక్కువ."

"కొవ్వు మడత కూడా చూడండి."

"అది మెషీన్ లోపం. ఊపిరి బిగబట్టలేదు, కదిలాడు."

"ఊపిరితో కదిలితే పైన కదలాలి కదండీ. ఇది కింద."

అన్నయ్యని బల్ల దింపి బయట కూర్చోబెట్టి, పాండురంగారావు గారు తలుపు మూసి వచ్చారు.

"వసుంధర గారూ, ఇన్నేళ్లలో మిమ్మల్ని ఏమీ అడగలేదు. ఆ నీటి సంగతి రాయకండి. అది రాస్తే విజయవాడ ఆయన కత్తి పట్టడు. వ్యాపించిన గుర్తులు లేవు అని రాయండి, చాలు. లోపల ఏముందో ఆయన తెరిచి చూస్తాడు."

ఆయన బతిమాలడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు జాలి కలిగింది. ఆ జాలితో ఏం రాయాలో ఆలోచించకూడదని కూడా అనిపించింది.

"నీరుంటే గింజలుండే అవకాశం ఎక్కువని నాకంటే మీకే బాగా తెలుసు. ముందు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూడమని రాస్తాను. విజయవాడలో ఆ సదుపాయం ఉంది. గింజలు లేకపోతే ఆపరేషన్ చేస్తారు. ఉంటే అంత పెద్ద కోత తప్పుతుంది."

"ఉంటే?"

నేను రిపోర్టు కాగితం దగ్గరికి లాక్కున్నాను.

"ఉంటే ఆయన్ని ఊరికే ఇంటికి పంపమంటారా? నన్ను చదివించిన మనిషండీ ఆయన. నేను సర్జన్ని అయ్యుండి, ఏమీ చేయకుండా చూస్తూ కూర్చోమంటారా?"

నేను నీరు ఉందని, కొవ్వు మడతలో మార్పు ఉందని, లాపరోస్కోపీ చేశాకే ఆపరేషన్ నిర్ణయించడం మంచిదని రాశాను. ఆయన కవరు తీసుకుని వెళ్లిపోయారు. థాంక్స్ చెప్పలేదు. నేనూ ఎదురుచూడలేదు.

బయట కూర్చున్న సాంబయ్య గారు మాత్రం వెళ్లబోతూ నా గదిలోకి తొంగిచూశారు.

"ఏమ్మా, లోపల మా వాడు గొంతు పెంచాడు. ఏదన్నా తేడాగా ఉందా?"

"కొంచెం నీరు కనిపించిందండీ. ఆపరేషన్‌కి ముందు కెమెరా వేసి చూడమన్నాను."

"అందులో ఏదన్నా కనపడితే?"

"కనపడితే కోసినా ప్రయోజనం ఉండదు. మందులిస్తారు."

ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకున్నారు. "చెరువులో జబ్బు ఉందని తెలిశాక మేత వేసి లాభం లేదు. అట్టాగేనా?"

"అలాగేనండీ."

"మా వాడు ఒప్పుకోడు. నేను ఒప్పిస్తాలే," అన్నారు.

విజయవాడలో కెమెరా వేశారు. గింజలు ఉన్నాయి. ఆ కబురు పాండురంగారావు గారు నాకు చెప్పలేదు. మా అలవాటు అక్కడితో ఆగిపోయింది. ఆ విజయవాడ సర్జన్ నుంచి నేనే తెలుసుకున్నాను. ఆపరేషన్ మానేసి మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత కొన్ని నెలలు పాండురంగారావు గారి ఆసుపత్రి నుంచి జీర్ణాశయం కేసులు నా దగ్గరికి రాలేదు. ఇంకో సెంటర్‌కి వెళ్తున్నాయని విన్నాను. సెంటర్ యజమానికి కంగారు. వెళ్లి ఒకసారి మాట్లాడమన్నాడు. నేను వెళ్లలేదు. పౌరుషం అనుకున్నాడు. పౌరుషం కాదు. వెళ్లి ఏం చెప్పాలో తెలియలేదు. రాసిన దాని గురించి విచారం లేదు. ఆయన గురించి ఉంది. ఇవి రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండొచ్చు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు దానికి సిద్ధపడాలి. సరైన మాట చెప్పినంత మాత్రాన ఎవరూ మనకు కృతజ్ఞులై ఉండరు. కొన్నిసార్లు స్నేహం పోతుంది. దాన్ని కాపాడుకోవడానికి మాట మార్చేవాళ్లనీ చూశాను. వాళ్ల రిపోర్టులు సర్జన్లకి ఇష్టంగా ఉంటాయి. రోగికి పనికిరావు.

సాంబయ్య గారు ఎండాకాలం వెళ్లాక పోయారు. కబురు తమ్ముడి ఆసుపత్రి కాంపౌండర్ చెప్పాడు. పెద్దకర్మకి వెళ్లాలా వద్దా అని ఆలోచించి, చివరికి వెళ్లాను.

ఇంటి ముందు షామియానా కింద భోజనాలు జరుగుతున్నాయి. పాండురంగారావు గారు పంచె కట్టుకుని బంతుల మధ్య తిరుగుతున్నారు. నన్ను చూసి తల ఊపారు. "లోపల మా వదిన ఉంది. కలవండి," అని మళ్లీ బంతుల వైపు వెళ్లారు.

సాంబయ్య గారి భార్య లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ నన్ను చూడటం అదే మొదటిసారి. పక్కన కూర్చుని నేనెవరో చెప్పాను.

"ఆ స్కానింగు రాసింది మీరేనామ్మా?"

అవునన్నాను. ఏమంటారోనని చూశాను.

"మా మరిది ఆసుపత్రి వేరేవాళ్లకి అప్పజెప్పి నెల్లాళ్లు ఇక్కడే ఉన్నాడమ్మా. చదువుకని ఊరు వదిలాక అన్నేసి రోజులు ఈ ఇంట్లో ఉండటం ఇదే. పొద్దున్నే ఇద్దరూ కలిసి చెరువు గట్టు మీదకి పోయేవాళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లో మరి. చేపల పట్టుబడి రోజున ఆయన గట్టు మీద మంచం వేయించుకున్నారు. తొలి వలలో పడ్డ శీలావతి చేప పులుసు పెట్టమన్నారు. తినగలిగింది నాలుగు ముద్దలే. కానీ ఇష్టంగా తిన్నారు. మా మరిదే కలిపి నోట్లో పెట్టాడు."

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, నేను భోంచేశానా అని అడిగారు.

ఆ వారంలోనే పాండురంగారావు గారి ఆసుపత్రి నుంచి ఒక జీర్ణాశయం కేసు మళ్లీ నా దగ్గరికి వచ్చింది. ఆపరేషన్ రోజు ఫోన్ కూడా వచ్చింది, లోపల ఏం కనిపించిందో చెప్పడానికి. ఆయన రిటైరయ్యేదాకా అలా వస్తూనే ఉంది. చెరువు గట్టు మీద అన్నకి అన్నం పెట్టిన సంగతి మాత్రం పాండురంగారావు గారు నాకెప్పుడూ చెప్పలేదు.